ఋతుసంధిలో ఊపిరి భద్రం: చలి ముదరకముందే అలర్జీకి అడ్డుకట్ట

గుంటూరు: కార్తీకం ముగుస్తోంది. తెల్లవారుజామున పైరు మీద మంచు పడుతోంది, మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటోంది, పొద్దు గూకగానే చలిగాలి వీస్తోంది. ఒకే రోజులో మూడు కాలాలను చవిచూపే ఈ దినాలలో ప్రతి ఊరిలోనూ తుమ్ములు, ముక్కు దిబ్బడ, కళ్ల దురద, రాత్రివేళ పొడిదగ్గు, ఆయాసం వంటి బాధలు వినవస్తున్నాయి. చాలామంది దీనిని జలుబుగా భావించి నాలుగు రోజులు ఓర్చుకుంటారు. తగ్గకపోతే మందుల దుకాణంలో అడిగి ఏవో రెండు మాత్రలు వేసుకుంటారు. తగ్గితే అంతటితో ఆ సంగతి మరచిపోతారు. మరుసటి ఏడాది ఇదే కాలానికి ఇదే బాధ తిరిగి వస్తుంది. నిజానికి ఏటా ఒకే కాలంలో వచ్చే జలుబు సామాన్యంగా జలుబు కాదు, అలర్జీ. దానిని గుర్తించి, కాలం రాకముందే సిద్ధపడినవారికి ఈ నెలలు సుఖంగానే గడచిపోతాయి. గుర్తించనివారిలో కొందరికి అది ఉబ్బసంగా ముదిరి ప్రాణాల మీదికి తెచ్చే ప్రమాదం ఉంది.

పెద్దలు చెప్పిన పధ్నాలుగు రోజులు

కాలం మారే వేళ ఒడలు పదిలమన్న హెచ్చరిక మన ప్రాంతానికి కొత్తది కాదు. పోయే ఋతువులోని చివరి 7 రోజులు, వచ్చే ఋతువులోని మొదటి 7 రోజులు కలిపి ‘ఋతుసంధి’ అని ఆయుర్వేద గ్రంథమైన అష్టాంగహృదయంలో వాగ్భటుడు పేర్కొన్నాడు. పాత ఋతువు అలవాట్లను ఒక్కసారిగా వదలక, కొత్తవాటిని ఒక్కసారిగా చేపట్టక, క్రమక్రమంగా మార్చుకోవాలని ఆయన ఉపదేశం. కార్తీకంలోని చివరి 8 రోజులను, మార్గశిరంలోని మొదటి 8 రోజులను శార్ఙ్గధర సంహిత ‘యమదంష్ట్ర’ అని పిలిచింది. యముడి కోరల వంటి ఆ దినాలలో మితంగా భుజించమని సలహా ఇచ్చింది.

ఆ కాలపు వైద్యానికి, నేటి వైద్యానికి వ్యాధి గురించిన భావనలలో అంతరం ఎంతో ఉన్నది. అయినప్పటికీ ఒక్క విషయంలో రెండూ ఏకీభవిస్తాయి. కాలం మారే సమయంలో ఏ మార్పునైనా హఠాత్తుగా చేయరాదు. ఉబ్బసం రోగి విషయంలో ఈ మాటకు ప్రాణమంత విలువ ఉంది. ఆయాసం కాస్త తగ్గగానే రోజూ వాడే మందును హఠాత్తుగా మానివేయడమే ప్రతి చలికాలంలోనూ ఎందరినో ఆసుపత్రి పాలు చేస్తోంది.

అలర్జీ అంటే ఏమిటి?

ఆస్ట్రియా వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే 1906లో ఈ పదాన్ని సృష్టించాడు. క్రిములతో పోరాడవలసిన శరీర రక్షణ వ్యవస్థ, హాని లేని పదార్థాన్ని శత్రువుగా పొరబడి తిరగబడటమే అలర్జీ. పుప్పొడి, ఇంటి దుమ్ము, బూజు వంటి వాటిని మొదట ఎదుర్కొన్నప్పుడు శరీరం ‘ఐజీఈ’ అనే ప్రతిరక్షకాలను తయారు చేసుకుంటుంది. అవి ముక్కు, కళ్లు, శ్వాసనాళాల పొరలలోని మాస్ట్ కణాలకు అంటిపెట్టుకొని ఉంటాయి. మరొకసారి అదే పదార్థం తగలగానే ఆ కణాలు హిస్టమిన్ మొదలైన రసాయనాలను విడుదల చేస్తాయి. వాటి ప్రభావం ముక్కులో తుమ్ములుగా, నీరు కారడంగా కనిపిస్తుంది. కంటిలో దురదగా, చర్మం మీద దద్దురుగా, శ్వాసనాళాలలో పిల్లికూతలుగా బయటపడుతుంది. ముక్కు అలర్జీ, ఉబ్బసం వేర్వేరు ఇళ్లలోని వ్యాధులు కావు. ఒకే శ్వాసమార్గానికి రెండు చివరలు. ముక్కును నిర్లక్ష్యం చేస్తే ఊపిరితిత్తులను అదుపులో ఉంచడం కష్టమవుతుంది.

జలుబుకు, అలర్జీకి తేడా తెలుసుకోవడం సులభమే. జలుబు వైరస్ వలన వస్తుంది. ఒళ్లునొప్పులు, గొంతునొప్పి, కొద్దిపాటి జ్వరం ఉండవచ్చు. వారం పది రోజులలో తగ్గిపోతుంది. అలర్జీలో జ్వరం ఉండదు. ముక్కు, కళ్లు, అంగిలి దురద పెడతాయి. నిద్ర లేవగానే వరుసగా పది పదిహేను తుముములు వస్తాయి. ముక్కు నుంచి నీళ్లవంటి స్రావం కారుతుంది. వారాల తరబడి సాగుతుంది. ఇంట్లో తల్లికో, తండ్రికో ఉబ్బసం, చర్మపు అలర్జీ ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం అధికం.

మన జిల్లాలో కాలానికొక కారణం

అలర్జీని చలి పుట్టించదు. చల్లగాలి శ్వాసనాళాలను ముడుచుకునేలా చేసి బాధను పెంచుతుంది, అంతే. అసలు కారకం ఆ కాలంలో గాలిలో కలిసే వస్తువు. ఉమ్మడి గుంటూరు జిల్లా పంటల క్రమాన్ని చూస్తే ఈ సంగతి బోధపడుతుంది.

నవంబరు, డిసెంబరు నెలలలో డెల్టా మండలాలలో వరి కోతలు, నూర్పిళ్లు సాగుతాయి. ఎండిన ఆకుల మీద పెరిగే ఆల్టర్నేరియా, క్లాడోస్పోరియం వంటి బూజుల బీజాలు నూర్పిడి ధూళితో కలిసి గాలిలోకి లేస్తాయి. కొయ్యకాళ్లు తగలబెడితే పొగ తోడవుతుంది. శీతకాలపు ఉదయాలలో నేలను అంటి ఉన్న గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉండటం వలన ఆ పొగ, ధూళి పైకి పోలేక మనిషి ముక్కు ఎత్తులోనే నిలిచిపోతాయి. పొద్దెక్కి నేల వేడెక్కే వరకు ఇదే పరిస్థితి. తెల్లవారకముందే నడకకు వెళ్లే ఉబ్బసం రోగులు ఈ నెలలలో ఎండ వచ్చిన తరువాత వెళ్లడం మేలని చెప్పడానికి ఇదే కారణం.

పల్నాడు వైపు పత్తి తీత, జిన్నింగు ధూళి ఇదే సమయంలో మొదలవుతాయి. వరి కోసిన మాగాణుల్లో వేసే మొక్కజొన్న, జొన్న పూతకు వచ్చినప్పుడు వాటి పుప్పొడి గాలిలో తేలుతుంది. బాపట్ల తీరాన సరుగుడు తోటలు, పోరంబోకుల్లో సర్కారు తుమ్మ, పచ్చిక జాతులన్నీ ఈ కోవలోనివే. కళ్లకు ఇంపుగా కనిపించే రంగుల పూలను అలర్జీకి కారణమని అనుమానిస్తాం. కానీ వాటి పుప్పొడి బరువుగా ఉండి తేనెటీగల కాళ్లకు అంటుకుంటుంది. ఎవరూ పువ్వుగా గుర్తించని గడ్డి పువ్వు పుప్పొడియే తేలికగా గాలిలో దూరం ప్రయాణిస్తుంది.

రహదారుల పక్కన, ఖాళీ స్థలాలలో తెల్లని చిన్న పూలతో విరివిగా పెరిగే వయ్యారిభామ మరొక ముఖ్య కారకం. 1950 దశకంలో పుణె ప్రాంతంలో తొలిసారి గుర్తించిన ఈ కలుపు మొక్క నేడు దేశమంతటా వ్యాపించింది. దీని పుప్పొడి ముక్కు అలర్జీకి, ఆకు స్పర్శ చర్మపు వాపుకు, దురదకు దారితీస్తాయి. పూతకు రాకముందే, తడి నేలలో ఉండగానే, చేతులకు తొడుగులు వేసుకొని వేళ్లతో పెకలించాలి. పూచిన మొక్కలను పెకలించే పని అలర్జీ ఉన్నవారు పెట్టుకోరాదు.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు గుంటూరులో మిర్చి కాలం. యార్డులో బస్తాలు మోసే హమాలీలు, తొడిమలు తీసే మహిళలు దగ్గు, తుమ్ములు, కళ్ల మంటతో బాధపడుతుంటారు. దీనిలో అధిక భాగం అలర్జీ కాదు. మిరపలోని క్యాప్సైసిన్ అనే ఘాటు పదార్థం నరాలను నేరుగా రెచ్చగొట్టడం వలన కలిగే మంట. అది ఎవరికైనా కలుగుతుంది, ఆ చోటు వదలి వస్తే తగ్గుతుంది. అయితే ఉబ్బసం ఉన్నవారికి ఆ ఘాటే ఆయాసాన్ని రేపుతుంది. పని మానివేసిన గంటల తరువాత కూడా ఛాతీ బిగుతుగా ఉన్నా, రాత్రి పిల్లికూతలు వినిపించినా దానిని మిర్చి ఘాటుగా తోసిపుచ్చక పరీక్ష చేయించుకోవాలి. తలగుడ్డను ముక్కుకు చుట్టుకుంటే పెద్ద ధూళి ఆగుతుంది గాని సూక్ష్మ కణాలు ఆగవు. ముఖానికి బిగుతుగా అమరే ఎన్-95 మాస్కు అందుకు తగినది.

తడిసి ముక్కిన గడ్డిని, ధాన్యాన్ని కదిలించే రైతులకు మరొక హెచ్చరిక. పని చేసిన 4 నుంచి 8 గంటల తరువాత చలిజ్వరం, దగ్గు, ఆయాసం వచ్చి, రెండు రోజులలో తగ్గి, మళ్లీ గడ్డి ముట్టుకుంటే తిరగబెడుతుంటే అది మామూలు జ్వరం కాకపోవచ్చు. బూజు వలన ఊపిరితిత్తుల లోపలి భాగం వాచే వ్యాధి ఒకటి ఉంది. ఏళ్ల తరబడి అలాగే సాగితే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి.

ఇంటిలో దాగిన కారకాలు

ఊరంతా తిరిగి కారణాన్ని వెదికేవారు ఒకసారి తమ పడకను చూడటం అవసరం. కంటికి ఆనని డస్ట్ మైట్ అనే పురుగులు పరుపులు, దిండ్లు, దుప్పట్లలో నివసిస్తూ మనిషి చర్మం నుంచి రాలే పొట్టును తిని బతుకుతాయి. వాటి పొడవు సుమారు మిల్లీమీటరులో మూడో వంతు. వాటి మలమే ప్రధాన అలర్జీ కారకం. వానకాలపు తేమలో ఇవి విపరీతంగా పెరుగుతాయి. చలి మొదలవగానే అటక మీది బొంతలు, ఉన్ని దుస్తులు దించి అలాగే కప్పుకోవడం వలన ఆ ధూళియంతా నేరుగా ముక్కులోకి పోతుంది.

కప్పుకునే ముందు వాటిని ఉతకాలి. దుప్పట్లు, దిండు గలీబులను వారానికొకసారి 60 డిగ్రీల వేడినీటిలో ఉతికితే పురుగులు చస్తాయి. ఉతకడానికి వీలుకాని బొంతలను రోజంతా గట్టి ఎండలో వేసి, దులిపి లోనికి తేవాలి. దులిపే పని అలర్జీ లేనివారు చేయాలి. పొడి చీపురుకు బదులు తడిగుడ్డతో తుడవాలి. సంక్రాంతి ముందు బూజులు దులిపి, వెల్ల వేసే రోజులలో ఉబ్బసం ఉన్న పిల్లలను, వృద్ధులను మరో ఇంటికి పంపడం ఉత్తమం. భోగి మంటలలో టైర్లు, ప్లాస్టిక్ వేయడం ఊరందరి ఊపిరికీ చేటు.

చలికి తలుపులు బిగించి, గదిలో దోమల కాయిల్ వెలిగించి పడుకునే అలవాటు మరింత ప్రమాదకరం. ఒక కాయిల్ కాలి వెలువరించే సూక్ష్మ కణాలు 75 నుంచి 137 సిగరెట్ల పొగలోని కణాలతో సమానమని 2003లో ప్రచురితమైన ఒక పరిశోధన తేల్చింది. దోమతెర దానికి సరైన ప్రత్యామ్నాయం. పిల్లలకు సాంబ్రాణి ధూపం వేయడం, గదిలో అగరుబత్తీలు వెలిగించడం, ఇంట్లో చుట్ట, బీడీ కాల్చడం కూడా మానుకోవాలి.

మందుల విషయంలో జరిగే పొరపాట్లు

2019 నాటి ప్రపంచ వ్యాధిభార అంచనాల ప్రకారం భారతదేశంలో సుమారు 3.4 కోట్ల మంది ఉబ్బసంతో జీవిస్తున్నారు. ప్రపంచంలోని ఉబ్బసం రోగులలో మన వాటా దాదాపు 13 శాతం. ఉబ్బసం మరణాలలో మాత్రం మన వాటా 40 శాతానికి పైగా ఉంది. రోగం ఇక్కడ అంత తీవ్రమైనది కావడం దీనికి కారణం కాదు. సరైన మందు సరైన సమయంలో వాడకపోవడమే ముఖ్య కారణం.

ఉబ్బసానికి రెండు రకాల ఇన్‌హేలర్లు ఉంటాయి. ఒకటి ఆయాసం వచ్చినప్పుడు శ్వాసనాళాలను తెరిచే ఉపశమన మందు. నిమిషాలలో హాయినిస్తుంది గాని లోపలి వాపును తగ్గించదు. రెండవది స్వల్ప మోతాదు స్టెరాయిడ్ ఉన్న నివారణ మందు. దాని ఫలితం వెంటనే తెలియదు. రోజూ వాడితే వాపు క్రమంగా తగ్గి, ఆయాసం రాకుండా ఆపుతుంది. మన రోగులలో అనేకులు మొదటిదాన్నే నమ్ముకొని రెండవదానిని వదిలేస్తారు. ఉపశమన మందు ఒక్కదానితోనే ఉబ్బసానికి చికిత్స చేయడం సరికాదని అంతర్జాతీయ ఉబ్బసం మార్గదర్శకాలు 2019లో స్పష్టం చేశాయి. ఇన్‌హేలర్ రంగును బట్టి గాక, మందు పేరును బట్టి ఏది ఎందుకో వైద్యుని అడిగి తెలుసుకోవాలి. ఒకే ఇన్‌హేలర్‌లో రెండు మందులూ కలిసి ఉండేవి కూడా ఉన్నాయి.

‘ఇన్‌హేలర్ పట్టుకుంటే ఇక వదలదు’ అనే భయం గ్రామాలలో బలంగా ఉంది. ఇది అపోహ. ఇన్‌హేలర్ మోతాదు మైక్రోగ్రాములలో ఉంటుంది. అదే మందు మాత్రగా వేసుకుంటే మిల్లీగ్రాములలో, అంటే ఎన్నో రెట్లు ఎక్కువగా శరీరమంతటికీ చేరుతుంది. ఇన్‌హేలర్‌కు భయపడి, కాలం మారినప్పుడల్లా స్టెరాయిడ్ ఇంజక్షన్లో, మాత్రలో వైద్య సలహా లేకుండా వాడేవారికి మధుమేహం, ఎముకల బలహీనత, కంటి శుక్లాలు రావచ్చు. ఇన్‌హేలర్ వాడిన తరువాత నోరు పుక్కిలిస్తే నోటిపూత వచ్చే అవకాశం తగ్గుతుంది. పిల్లలు, వృద్ధులు స్పేసర్ గొట్టంతో పీలిస్తే మందు గొంతులో ఆగిపోక ఊపిరితిత్తులకు చేరుతుంది.

ముక్కు అలర్జీకి స్టెరాయిడ్ స్ప్రే ఉత్తమ ఔషధం. దాని పూర్తి ఫలితం కనిపించడానికి కొన్ని రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది గనుక, ఏటా బాధ మొదలయ్యే నెలకు రెండు వారాల ముందే వైద్యుని సలహాతో ప్రారంభించాలి. స్ప్రేను ముక్కు నడిమి గోడ వైపు గాక, అదే వైపు కంటి మూల దిశగా కొట్టాలి. దిబ్బడను క్షణాలలో విడదీసే ముక్కు చుక్కలను మాత్రం నాలుగైదు రోజులకు మించి వాడరాదు. మించితే ఆ చుక్కలే దిబ్బడకు కారణమవుతాయి. అలర్జీ మాత్రలలో కొన్ని మగత కలిగిస్తాయి. వాటిని వేసుకొని ట్రాక్టరు, లారీ నడపరాదు, నూర్పిడి యంత్రం వద్ద పని చేయరాదు. విరివిగా వాడుకలో ఉన్న మాంటెలుకాస్ట్ వలన కొందరిలో నిద్రాభంగం, ఆందోళన, మనోవికారాలు కలగవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో తీవ్ర హెచ్చరిక జారీ చేసింది. పిల్లల ప్రవర్తనలో మార్పు కనిపిస్తే వెంటనే వైద్యునికి తెలపాలి. యాంటీబయాటిక్ మందులు అలర్జీని తగ్గించవు.

చిట్కాలు ఎంతవరకు?

వేడినీటి ఆవిరి ముక్కుకు తాత్కాలికంగా హాయినిస్తుంది. అది వ్యాధిని తగ్గించదు. మరిగే నీటి గిన్నె ముందు పిల్లలను కూర్చోబెట్టడం వలన ఒళ్లు కాలిన సందర్భాలు ఉన్నాయి. దానికంటే ఉప్పునీటితో ముక్కు కడగడం మేలు. కాచి చల్లార్చిన అర లీటరు నీటిలో ఒక చెంచా ఉప్పు కలిపి వాడాలి. పచ్చినీరు ఎట్టి పరిస్థితిలోనూ వాడరాదు.

చలికాలం రాగానే పిల్లలకు పెరుగు, అరటిపండు, కమలా, బత్తాయి మాన్పించడం మన ఇళ్లలో పరిపాటి. ఫలానా పదార్థం తిన్న ప్రతిసారీ బాధ కలుగుతోందని నిర్ధారణ అయితేనే దానిని మానాలి. అందరికీ అన్నీ మాన్పిస్తే మిగిలేది పోషకాహార లోపమే.

ఏటా జూన్‌లో మృగశిర కార్తె వేళ హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఉబ్బసానికి చేప ప్రసాదం పంపిణీ జరుగుతుంది. కొవిడ్ కారణంగా నిలిచిన ఈ కార్యక్రమం 2023లో తిరిగి మొదలైంది. మన జిల్లా నుంచి కూడా నమ్మికతో వెళ్లేవారు ఉన్నారు. అది ఉబ్బసాన్ని నయం చేస్తుందనడానికి శాస్త్రీయ నిరూపణ లేదు. ఎవరి విశ్వాసం వారిది. అయితే ప్రసాదం పుచ్చుకున్నామన్న ధీమాతో ఇన్‌హేలర్‌ను మానివేయడం మాత్రం తగదు. వేసవి పోయి వాన వచ్చే ఆ దినాలు కూడా ఋతుసంధియే.

కారణాన్ని కనిపెట్టడం ఎలా?

ఖరీదైన పరీక్షల కంటే ముందు ఒక నోటుపుస్తకం చాలు. బాధ కలిగిన తేదీ, వేళ, చోటు, అప్పుడు చేస్తున్న పని, వేసుకున్న మందు రాసుకోవాలి. పొలంలోనా, పడకపైనా, ఆదివారం ఇల్లు దులిపినప్పుడా అన్నది రెండు నెలలలో తేటతెల్లమవుతుంది. ఆ పుస్తకంతో వైద్యుని వద్దకు వెళితే సగం నిర్ధారణ అయినట్టే. అవసరమైతే చర్మం మీద సూదిమొనతో చేసే అలర్జీ పరీక్ష, ఊపిరితిత్తుల సామర్థ్యాన్ని కొలిచే స్పైరోమెట్రీ చేస్తారు. చర్మ పరీక్షకు వెళ్లేవారు అలర్జీ మాత్రలను ఎన్ని రోజుల ముందు ఆపాలో అడిగి తెలుసుకోవాలి. కారకం నిర్ధారణ అయిన కొందరికి దానినే సూక్ష్మ మోతాదులలో ఇచ్చి శరీరాన్ని అలవాటు చేసే ఇమ్యునోథెరపీ చికిత్స 3 నుంచి 5 ఏళ్లు సాగుతుంది. ఉబ్బసం ఉన్నవారు ఏటా ఫ్లూ టీకా వేయించుకోవడం శ్రేయస్కరం.

ఆలస్యం చేయరాని లక్షణాలు

ఒక వాక్యం పూర్తిగా పలకలేనంత ఆయాసం, పెదవులు నీలిబారడం, ఉపశమన ఇన్‌హేలర్ వాడినా తగ్గకపోవడం, పిల్లలలో శ్వాస తీసినప్పుడు పక్కటెముకల నడుమ చర్మం లోనికి పోవడం, మగతగా పడి ఉండటం... వీటిలో ఏది కనిపించినా తెల్లవారనిమ్మని ఆగరాదు. రోగిని పడుకోబెట్టక నిటారుగా కూర్చోబెట్టి, వైద్యుడు చెప్పిన ప్రకారం ఉపశమన మందు పీల్పిస్తూ 108కు ఫోను చేయాలి. పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయి రోగి నీరసిస్తే తగ్గిందని భ్రమపడరాదు. గాలి లోపలికి పోవడమే ఆగిపోతోందని దానికి అర్థం.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని సామెత. చలి పోయిందని ఆనాడే మందు మానివేయడం మన అలవాటు. బాధ లేని రోజులు మందు పనిచేస్తున్నందుకు గుర్తు. కనీసం 3 నెలలు వ్యాధి అదుపులో ఉన్న తరువాత వైద్యుడే మోతాదును మెట్టు మెట్టుగా తగ్గిస్తారు. వాగ్భటుడు ఋతుసంధికి చెప్పిన మాట ఇక్కడా వర్తిస్తుంది: ఏదైనా క్రమంగా వదలాలి, ఒక్కసారిగా కాదు.